పసుపు పూసిన వీడియో గేమ్

ఇంట్లోకి వీడియో గేమ్ కొనదలచిన వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. దుకాణానికి పోయే ముందు టీవీకీ, ఆడే మనిషి కూర్చునే చోటుకూ మధ్య ఎంత దూరముందో తాడుతో కొలుచుకోండి. ఆ తాడును సంచిలో వేసుకొని పోండి. దుకాణంవాడు ఈ మాట చెప్పడు. డబ్బా మీద రాసి ఉండదు. మా ఇంట్లో తెలివిగలవాళ్లకు కొదవ లేదు, అయినా ఒక్కరికీ తోచలేదు. ఆ వస్తువు ఎవరి కోసం కొన్నారో ఆ మనిషిని తప్ప మిగతా అందరినీ తలచుకున్నారు మరి.

కొన్నది నా మనుమరాలి కోసం. మాది భద్రాచలం దాటి పర్ణశాల వైపు పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఊరు. ఎండాకాలం సెలవుల్లో, మొర్రిపండ్లు నల్లబడే రోజుల్లో, పిల్లలు ఇళ్లల్లో నిలవరు. నా కొడుకు బిడ్డ అప్పుడు మూడో తరగతి పూర్తి చేసింది. కింద రాలినవి ఏరుకుంటే చాలదని చెట్టెక్కి కొమ్మ చివరికి పోయింది. మొర్రి కొమ్మ ఎవరి మాటా వినదు. పిల్ల కిందపడింది, మోకాలి కింద ఎముక విరిగింది. భద్రాచలం దవాఖానాలో చూసి ఖమ్మంలో ఎముకల డాక్టరు దగ్గరకు పొమ్మన్నారు. ఆయన తొడ దాకా సిమెంటు కట్టు వేసి, మంచం దిగనివ్వవద్దని చెప్పి పంపాడు.

దిగనివ్వవద్దు అన్న మాటను మా ఇంట్లోవాళ్లు, ఎక్కువగా దిగనివ్వవద్దు అని అర్థం చేసుకున్నారు. నా కొడుకు జీపు డ్రైవరు. బండి పట్టని జనాన్ని ఎక్కించి వాగులు దాటిస్తాడు కాని, చారెడు పిల్లను మంచం మీద ఉంచడం చేతకాలేదు. కోడలు ఇంకా నయం. పిల్ల ఏడిస్తే చాలు, తనే చంకలో చెయ్యి వేసి వాకిట్లోకి నడిపించుకొచ్చేది. పాపం, విసుగొస్తోంది అనేది. చూడవచ్చిన ప్రతివాళ్లూ పాపం అన్నవాళ్లే. పాపం అనడానికి ఖర్చు లేదు. నేను కథలు చెప్పి కూర్చోబెట్టాలని చూశాను. నా కథలన్నీ దానికి వచ్చు. ఎక్కడ తప్పు చెప్పినా దిద్దేది, మధ్యలో కుక్కపిల్ల అరిస్తే లేచి కుంటుకుంటూ పోయేది.

ఎముక వంకరగా అతికితే ఏమవుతుందో నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మా అక్కను చూశాను. చిన్నప్పుడు ఎద్దుబండి చక్రం కింద కాలు పడితే వెదురు బద్దలు కట్టి వదిలేశారు. తునికాకు కోతలకు అందరం కలిసే పోయేవాళ్లం. ఆకు మూటలు నెత్తిన పెట్టుకొని కల్లానికి తిరిగొచ్చేటప్పుడు మా అక్క ఎప్పుడూ ఆఖరు. మనిషి ఒక పక్కకు ఒరిగి, ఒక్కో అడుగూ ఎవరినో బతిమాలుతున్నట్టు వేసేది. ఆమె వచ్చేసరికి కల్లం దగ్గర కట్టలు లెక్క రాసుకునేవాడు లేచి పోయేవాడు. ముసలిదై పోయేదాకా అదే నడక. ఆ నడక నా మనుమరాలికి రావడం నేను చూడదలచుకోలేదు. ఆ ఎండాకాలమంతా నాకున్న పని అదొక్కటే.

రెండోసారి డాక్టరు దగ్గరకు బస్సులో పోయాం. జీపు నా కొడుకుది కాదు, యజమానిది. పిల్ల కట్టుకాలు నా ఒళ్లో, నా కాళ్లు ఎవరి సామాన్ల కిందనో. ఏన్కూరు దగ్గర బస్సు ఆగితే నా కొడుకు దిగి పిల్లకు సోడా తెచ్చాడు, నాకు తేలేదు. డాక్టరు కట్టు అడుగు చూశాడు. మడమ దగ్గర సిమెంటు పగిలి, లోపలి గుడ్డకు మా వాకిలి మట్టి అంటి ఉంది. ఆ మనిషి కోప్పడలేదు, పాపం అనలేదు. అందుకే నాకు నచ్చాడు.

"ఇంకోసారి ఈ పాదం నేలకు తగిలితే ఎముక వంకరగ అతుక్కుంటది. అప్పుడు కోసి మళ్ల విరగ్గొట్టాలె. ఇష్టమైతే నడిపించుకోండి" అన్నాడు.

కొత్త కట్టు వేయించుకొని బయటికి వచ్చాం. నా కొడుకు బిడ్డను భుజాన ఎత్తుకొని రోడ్డు మీద గుడ్లు తేలేసి నిలబడ్డాడు. ఎదురుగా టీవీలు, టేపురికార్డర్లు అమ్మే దుకాణం. వాడికి అందులోనే దేవుడు కనిపించాడు.

నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు సగం తెల్లబడిన తరువాత, బడి అరుగు మీద సాయంత్రం పూట పెట్టిన చదువులో. అప్పటి నుంచి ఏ బోర్డు కనిపించినా చదవకుండా వదలను. ఆ దుకాణం బోర్డు తెలుగులోనే ఉంది, లోపలి సరుకు మీద మాత్రం ఒక్క తెలుగక్షరం లేదు. వీడియో గేమ్ డబ్బా మీద మండుతున్న కొండలు, విమానాలు, కండలు తిరిగిన మనిషి. లోపల ఉన్నది మా కోడలి పోపులపెట్టె కంటే తేలికైన నల్ల ప్లాస్టిక్ పెట్టె. దానికి తీగలతో వేలాడే రెండు చేతిపెట్టెలు, ఒక్కోదానికి కొన్ని బొత్తాలు. ఆటలు క్యాసెట్‌లో ఉంటాయట, దాన్ని పెట్టె నెత్తిన గుచ్చాలట. క్యాసెట్ మీద ఆటలు ఇన్ని అని అంకెల్లో వేశారు. అంకెలు నాకు బాగానే వచ్చు. అన్ని ఆటలు ఆడాలంటే ఆ పిల్ల కాలు విరగ్గొట్టుకొని మూడు జన్మలు పడుకోవాలి.

దుకాణంవాడు ఆడించి చూపించాడు. అన్నీ ముందే తగిలించి పెట్టుకున్నాడు. టీవీ, పెట్టె, వాడు కూర్చునే స్టూలు, అన్నీ ఒకే బల్ల దగ్గర. అక్కడ చూస్తే ఎవరికైనా సులువుగానే ఉంటుంది. మావాడు మురిసిపోయాడు.

"దీని ముందట కూసుంటే పోరి ఇగ లేవదే అమ్మా, అతుక్కపోతది."

"అతుక్కోవాల్సింది ఎముకరా" అన్నాను. అయినా వద్దనలేదు. నా కథలతో కానిది దానితో అయితే కానిమ్మనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా వియ్యపురాలు దిగి ఉంది. ముదిగొండ వైపు మనిషి. మనుమరాలిని చూడటానికి ఊరమిరపకాయలు, జంతికలు పట్టుకొని వచ్చింది. వాళ్లది కాలువ కింది భూమి. ఆ సంగతి తెలియనివాళ్లు మా మండలంలో ఎవరైనా మిగిలి ఉంటే ఆమె వచ్చినప్పుడు తెలిసిపోతుంది. నా కొడుకు డబ్బా విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"కొత్త మిషన్ ఇంటికొస్తే పసుపు, బొట్టు లేకుంట కరెంటు పెడ్తరా వదినె? మా దిక్కు గట్ల చెయ్యం."

"మీ దిక్కు కాలువ నీళ్లున్నయి, ఏది పూసినా కడుక్కుంటరు" అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఆ ఏడాదే వాళ్లు ట్రాక్టరు కొన్నారు. ట్రాక్టరుకు ఎట్లా పూజ చేశారో దీనికీ అట్లాగే చెయ్యాలని పట్టుబట్టింది. చక్రాల కింద తొక్కించే నిమ్మకాయలకు ఇక్కడ చక్రాలు లేవు కాబట్టి వాటిని దారానికి గుచ్చి టీవీకి వేలాడదీసింది. పసుపు ముద్ద చేసి పెట్టెకు గడప పూసినట్టు పూసింది. ట్రాక్టరుకు ఇంజను ఎట్లాగో, దీనికి తీగలు కలిసే చోటు అట్లాగని ఎవరు చెప్పారో, టీవీని వెనక్కి తిప్పించి అక్కడి గుంటలకు కూడా పసుపు పూసి, ఒక్కో గుంట మీద ఒక్కో కుంకుమ బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టారు. పెట్టె పక్కన దీపం పెట్టారు. నా కొడుకు బుద్ధిగా దండం పెట్టుకున్నాడు. కోడలు కళ్లు మూసుకుంది. పిల్ల మాత్రం మంచం మీంచి, ఇంకెంతసేపు అని అడుగుతూ ఉంది.

పూజకు ముందు నేనా గుంటలు చూశాను. ఒకటి పసుపుపచ్చ, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. పెట్టెతో వచ్చిన తీగకు ఒక కొస పసుపు, ఒక కొస ఎరుపు. ఏ రంగు ఆ రంగులో పెడితే సరి. అది చూసినప్పుడు, ఎక్కడివాడో కాని దాన్ని తయారుచేసినవాడి మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. చదువు రానివాళ్లకు కూడా అర్థం కావాలని రంగులు వేశాడు. ఆ పెట్టె మొత్తంలో ఉన్న తెలివి అదొక్కటే. దాన్ని మావాళ్లు పసుపుతో పూడ్చేశారు. ఇప్పుడు గుంటలన్నీ పసుపే, అన్నిటి మీదా ఎరుపే.

నా కొడుకు డబ్బాలోని కాగితం విప్పాడు. సిరాలో పడి లేచిన చీమలు నడిచినట్టుంది ఆ రాత. చీనావాళ్లదట. వాడు దాన్ని రెండు చేతులా పట్టుకొని, కనుబొమలు ముడిచి, తల ఊపుతూ చూశాడు. చదవడం రానివాడు చదువుతున్నట్టు నటిస్తే ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బస్సుల ముందూ, బ్యాంకులోనూ ఆ ముఖం చాలా ఏళ్లు నేనే పెట్టుకున్నాను. నటించేటప్పుడు కాగితం తలకిందులుగా లేకుండా చూసుకోవాలన్న జ్ఞానమైనా నాకుండేది.

తీగలు గుచ్చి స్విచ్ వేశారు. బొమ్మ రాలేదు. కందిరీగల తుట్టెను కదిపినట్టు టీవీ లోపలి నుంచి ఒకటే రొద. ఆ రొదకు నా కొడుకుతో జీపులు నడిపే ఇద్దరు వచ్చారు. ఒకడు యాంటెనా తిప్పాలన్నాడు. తిప్పాడు. ఇంకొకడు క్యాసెట్‌లో దుమ్ముందని నోటితో ఊదాడు. పసుపు ఎగిరి కళ్లల్లో పడింది. తరువాత రిమోట్ తీసుకొని ఉన్న బొత్తాలన్నీ నొక్కాడు. దాంతో వచ్చే ఛానెల్ కూడా పోయి, మా వియ్యపురాలు రోజూ చూసే సీరియల్ పోయింది. అప్పుడు ఆమెకు మొదటిసారి ఈ వస్తువులో ఏదో దోషం ఉందని అనుమానం వచ్చింది. దిష్టి తగిలింది, ఇంకో కొబ్బరికాయ కొట్టాలంది.

నేను స్విచ్ ఆపి, తీగలు పీకి, చీపురుపుల్లకు దూది చుట్టి కిరసనాయిల్లో ముంచాను. మొదటి గుంటలో పెట్టి తిప్పుతుంటే వియ్యపురాలు గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"బొట్టు తుడుస్తున్నవా వదినె?"

"నా బొట్టు పోయి ఎన్నో ఏండ్లయింది వదినె. బతుకుతనే ఉన్న. టీవీకి పోతే ఏంగాదు."

పసుపు కింద నుంచి రంగులు బయటపడ్డాయి. కిరసనాయిలు ఆరిన తరువాత ఏ కొస ఆ గుంటలో పెట్టాను. బొమ్మ వచ్చింది. వెంటనే జీపు డ్రైవర్లలో ఒకడు, నేను చెప్తనే ఉన్న గద అన్నాడు. ఏం చెప్పాడో వాడికే తెలియాలి.

బొమ్మ వచ్చిందని చెప్పి ఆపితే అది మావాళ్ల సంగతి కాదు. నా కొడుకు, మొదటి ఆట తను ఆడి, ఎట్లా ఉందో చూసి బిడ్డకు ఇస్తానన్నాడు. రెండో చేతిపెట్టె వాడి స్నేహితుడు అందుకున్నాడు. తెరమీద వేలెడంత మనిషి ఉరుకుతాడు, గోతులు దూకుతాడు, దూకలేకపోతే చస్తాడు, మళ్లీ పుడతాడు. దానికి మీసాలున్న మగవాళ్లు బండి స్టీరింగు తిప్పినట్టు ఒళ్లంతా అటూ ఇటూ వంచుతున్నారు. వంచితే బొమ్మ కూడా వంగుతుందని వాళ్ల నమ్మకం. పిల్ల రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగినప్పుడు నా కొడుకు చేతిపెట్టె మంచం వైపు చాచాడు. తీగ సగం దూరమే వచ్చింది. ఇంకా లాగితే నల్లపెట్టె బల్ల మీంచి కింద పడబోయింది.

మంచం ఉన్నది ఎదురు గోడకు, కిటికీ కింద. ఆ తీగ ఏ జన్మకూ అక్కడికి చేరదు. ఖమ్మం నుంచి ఇంటిదాకా మోసుకొచ్చి, పూజ చేసి, పూసి, తుడిచి, ఇంతమంది ఇంతసేపు తన్నుకున్న తరువాత కనిపెట్టిన సంగతి ఇది.

"తీగ రాదు బిడ్డా. నువ్వు ఆడినుంచే చూడు" అని వాడు మళ్లీ టీవీ వైపు తిరిగాడు. తిరిగి, ఆడుకున్నాడు.

నేను పిల్లకు మజ్జిగ కలపడానికి లోపలికి పోయాను. గ్లాసుతో తిరిగొచ్చేసరికి పిల్ల మంచం పట్టె రెండు చేతులా పట్టుకొని కిందికి జారుతూ ఉంది. మంచి కాలు నేల మీద ఉంది. కట్టుకాలి మడమ నేలకు రెండు వేళ్ల ఎత్తులో ఊగుతోంది. గదిలో అంతమంది ఉన్నారు. నా కొడుకున్నాడు, కోడలుంది, కాలువ కింది భూములున్న వియ్యపురాలుంది. ఒక్కరూ తల తిప్పలేదు. తెరమీద మనిషి గోతి అంచున ఉన్నాడు మరి.

గ్లాసు ఎక్కడ పడేశానో గుర్తులేదు. పిల్లను నడుము దగ్గర పట్టుకొని ఎత్తి మంచం మీద వేశాను. నా నడుములో ఏదో కలుక్కుమంది. మడమ చూశాను. సిమెంటు తెల్లగానే ఉంది, మట్టి అంటలేదు. గ్లాసు పడిన చప్పుడుకు అప్పుడు తిరిగి చూశారు అందరూ. ఏందత్తమ్మా, ఏమైంది అని కోడలు అడిగింది. ఏమీ కాలేదని చెప్పాను. జీపు డ్రైవర్లిద్దరినీ ఇంటికి పొమ్మన్నాను. పోతూ ఒకడు ఆట అయిపోలేదన్నాడు. నీ ఇంట్ల నీ పెండ్లాం ముందట ఆడుకో అన్నాను.

మంచాన్ని టీవీ దగ్గరకు జరుపుదామని నా కొడుకుతో అన్నాను. అప్పుడు వియ్యపురాలు లేచింది. మంచం ఆ గదిలో టీవీ ముందు పడాలంటే ఒకే విధంగా పడుతుంది. పిల్లకు బొమ్మ కనిపించాలంటే కాళ్లు టీవీ వైపే ఉండాలి. అంటే దిండు మీద ఎత్తిపెట్టిన ఆ కట్టుకాలు, పూజ చేసి దీపం పెట్టిన పెట్టె ముఖానికి ఎదురుగా ఉంటుంది. కాళ్లు పెడితే పాపమంది. పోనీ టీవీని కదుపుదామంటే, ఉద్వాసన చెప్పకుండా కూర్చోబెట్టినదాన్ని కదపకూడదంది. ఉద్వాసన ఎప్పుడు చెప్పాలని అడిగితే, మంచిరోజు చూడాలంది. నా కొడుకు ఆమె ముఖమూ నా ముఖమూ చూస్తూ నిలబడ్డాడు. కోడలు తల్లి వైపు చూసింది. ఆ ఇంట్లో దేవుడికి భయపడేవాళ్లు ఉన్నారు, అత్తగారికి భయపడేవాళ్లు ఉన్నారు. డాక్టరుకు భయపడేదాన్ని నేనొక్కదాన్నే.

మంచం కోడు పట్టుకొని నేనే ఈడ్చాను. పిల్ల బరువుతో అది గీరుకుంటూ వచ్చింది. సగం దూరం వచ్చాక నా కొడుక్కు సిగ్గేసి రెండో వైపు పట్టాడు. కట్టుకాలిని దిండు మీద పెట్టి, సరిగ్గా ఆ పెట్టెకు ఎదురుగా సర్దాను.

"వదినె, దేవునికి గిట్ల కాలు చూపిస్తరా?" అంది వియ్యపురాలు. నిజంగానే భయపడింది.

"చూపించాల్సింది గా కాలే వదినె. ముఖానికేం రోగం లేదు. ఆయన గా పెట్టెల కూసున్నడంటున్నవు గద, రోజంత దాన్నే చూడనియ్."

తెల్లవారి లేచి చూసేసరికి కట్టుకాలి బొటనవేలి దగ్గర, సిమెంటు మీద, పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. దాన్ని నేను తుడవలేదు.

తరువాతి రోజులన్నీ పిల్ల మంచం మీదే ఆడింది. రెండో చేతిపెట్టె నేను పట్టుకునేదాన్ని, నాకు ఆట మీద మోజుండి కాదు, మగవాళ్ల చేతికి పోకుండా. నా మనిషి మొదటి గోతిలోనే చచ్చేవాడు. కరెంటు పోయినప్పుడు ఇద్దరం నల్ల తెరను చూస్తూ కూర్చునేవాళ్లం. క్యాసెట్ మీది లెక్క మోసమని పిల్లే కనిపెట్టింది. ఉన్నవి గుప్పెడు ఆటలు, వాటినే తిప్పి తిప్పి వేశారు.

"నాయినమ్మా, గిది నిన్నటి ఆటనే. అంగీ రంగు మార్చిండ్రు" అని నవ్వింది. సగం రోజులు గడిచేసరికి దానికీ విసుగొచ్చింది. కాని విసుగొచ్చినా, ఇంకో ఆటలో ఏముందో చూద్దామని పడుకునే ఉండేది. ఆ పెట్టె వల్ల జరిగిన మేలు అంతవరకే, నేను కాదనను.

కట్టు కోసేరోజు ఖమ్మంలో డాక్టరు బొటనవేలి దగ్గరి పసుపు చూసి ఏందని అడిగాడు. ఎముక ఫోటో తీయించి, వెలుతురుకు పట్టి చూసి, బాగా అతికింది అన్నాడు. తిరుగు బస్సులో నా కొడుకు, వీడియో గేమ్ కొనాలన్న ఆలోచన తనదేనని పక్కసీటాయనకు చెప్పుకున్నాడు. వియ్యపురాలికి ఫోన్ చేస్తే, పూజ ఊరికే పోదని నేను మొదటే అన్న అందట. మంచం దిగకుండా పడుకున్న పిల్ల పేరు ఎవరి నోటా రాలేదు. అది నా పక్కన కూర్చొని, సన్నబడిన కాలిని చేత్తో రుద్దుకుంటూ ఉంది.

ఇంటికి వచ్చాక అది టీవీ వైపు చూడలేదు. గోడ పట్టుకొని నాలుగడుగులు వేసి, నా చెప్పులేవి అని అడిగింది. మంచం కింద నుంచి తీసి ఇచ్చాను. కాలు విరగకముందు కొన్నవి, దుమ్ము పట్టి ఉన్నాయి. గడప మీద కూర్చొని ముందు మంచి కాలికి తొడుక్కుంది. మడమ వెనక్కి మిగిలిపోయింది. పడుకొని పడుకొని పిల్ల ఎదిగింది. నేను రెండో కాలు చూస్తూ నిలబడ్డాను. దానికీ తొడిగింది. ఆ మడమ కూడా అంతే మిగిలింది.

"రెండూ ఇరుకైనయి నాయినమ్మా" అని లేచి, మడమలు బయట పెట్టుకొని అట్లాగే వాకిట్లోకి పోయింది. నేను వెనక నుంచి ఆ నడక చూశాను. ఏ పక్కకూ ఒరగలేదు.